నర్సింగ్ చదివే పిల్ల కోసం ఎటిమాన్‌లైన్: ఏడాది వాడాక నా రివ్యూ

డబ్బు పెట్టి కొన్న వస్తువు గురించి కాదు, ఒక ఉచిత వెబ్‌సైటు గురించి రాస్తున్నాను. ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ దాని పూర్తి పేరు, అందరూ ఎటిమాన్‌లైన్ అంటారు. ఇంగ్లీషు మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఎలా మారాయో చెబుతుంది. ఏడాదిగా మా ఇంట్లో దాదాపు రోజూ తెరుస్తున్నాం. మాటల పుట్టుక కోసం దాన్ని వాడేవాళ్లు చాలామందే ఉంటారు కానీ, మేం ఎక్కువగా చూసింది మాటల చివర అతుక్కునే ముక్కల కోసం, అంటే సఫిక్సులు, మన వ్యాకరణంలో ప్రత్యయాలు అంటామే, వాటి కోసం. అందుకే ఆ ఒక్క కోణంలోంచే రాస్తున్నాను.

మా అక్క కూతురు బీఎస్సీ నర్సింగ్‌లో చేరి మా ఇంట్లోనే ఉంటోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. చేరిన నెలలోనే మెడికల్ టెర్మినాలజీ గైడ్ ఒకటి కొనుక్కొచ్చింది, దాని పేరు ఇక్కడ అనవసరం. మొదటి పేజీల్లో మామూలు ఇంగ్లీషు సఫిక్సులు, తర్వాత వైద్యానికి సంబంధించినవి, అన్నీ టేబుళ్లే. ఎడమవైపు ముక్క, కుడివైపు అర్థం. రాత్రి పదకొండు దాటినా వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పుకునేది. ఒకరోజు చెవిన పడింది, "లెస్ అంటే తక్కువ, లెస్ అంటే తక్కువ" అని. ఆపి అడిగాను, మరి ఫియర్‌లెస్ అంటే ఏంటమ్మా అని. "భయం తక్కువ ఉన్నవాడు, పిన్నీ" అంది. గైడు తీసి చూస్తే నిజంగానే అలా అచ్చయి ఉంది. రేపు వార్డులో పెయిన్‌లెస్ అనే మాట పేషెంటుకి విడమరిచి చెప్పాల్సి వస్తే "నొప్పి తక్కువగా ఉంటుందండీ" అని చెబుతుంది కదా, వాళ్లేమో తక్కువైనా ఉంటుందన్నమాట అని భయపడతారు కదా అని నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

ఆ రాత్రే ఫోన్లో ఈ సైట్ తెరిచి, ముందు చిన్న గీత పెట్టి లెస్ అని కొట్టాం. గీత పెట్టడం ముఖ్యం, లేకపోతే తక్కువ అనే అర్థమున్న లెస్ వస్తుంది. గీత పెడితే వేరే ఎంట్రీ వస్తుంది, దాని కథే వేరు. ఈ చివరి -లెస్ పాత ఇంగ్లీషులో లేయాస్ అనే మాట. "ఏదీ అంటకుండా విడివడిన, ఏదో ఒకటి లేని" అని అర్థం. వదులు అనే అర్థమున్న లూజ్ అనే మాటకీ పోగొట్టుకోవడం అనే అర్థమున్న లూజ్ అనే మాటకీ చుట్టం. తక్కువ అనే లెస్‌తో దానికి ఏ సంబంధమూ లేదు, స్పెల్లింగ్ కలిసిందంతే. తెలుగులో దానికి అచ్చంగా సరిపోయేది మన "లేని". అంతులేని, హద్దులేని అంటాం చూడండి, అదీ -లెస్.

ఇంతటితో ఆగిపోతే మామూలు డిక్షనరీలో చూసినా సరిపోయేది. కింద ఇంకో లింకు ఉంది, ముందు నక్షత్రం గుర్తు పెట్టిన ఒక మూలం. నక్షత్రం ఉందంటే అది ఎక్కడా రాతలో దొరికిన మాట కాదు, చుట్టం భాషలన్నీ పోల్చి చూసి పండితులు ఇలా ఉండి ఉండాలి అని తిరిగి కట్టిన రూపం. అది నొక్కితే "వదులు చేయడం, విడదీయడం" అనే అర్థంతో ఒక కుటుంబమంతా వచ్చింది. అందులో ఈ -లెస్ ఉంది, గ్రీకు నుంచి వచ్చిన -లైసిస్ కూడా ఉంది. అనాలిసిస్‌లో లైసిస్, డయాలిసిస్‌లో లైసిస్. మా పిల్ల ఒక్క నిమిషం ఊరుకుని, "అంటే ఫియర్‌లెస్‌లో లెస్సూ డయాలిసిస్‌లో లైసిస్సూ ఒక ఇంటివాళ్లేనా పిన్నీ" అంది. గైడులో ఆ రెండూ పేజీల దూరంలో వేర్వేరు టేబుళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత నేను చెప్పకుండానే తనే ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టింది.

వైద్యం సఫిక్సుల దగ్గర ఈ సైట్ విలువ బాగా తెలుస్తుంది. -ఐటిస్ తీసుకోండి. గైడులో "-ఐటిస్ = వాపు, మంట" అని ఉంటుంది, పరీక్షకి అది చాలు, తప్పు కూడా కాదు. కానీ గ్రీకులో ఆ ముక్కకి వాపు అనే అర్థమే లేదు, "ఫలానాదానికి చెందిన" అని మాత్రమే. ఆర్థ్రైటిస్ నోసోస్ అనేవాళ్లు, కీళ్లకి చెందిన వ్యాధి అని. నోసోస్ అంటే వ్యాధి, గ్రీకులో అది స్త్రీలింగం, అందుకని విశేషణం కూడా స్త్రీలింగ రూపంలో -ఐటిస్ అయింది. వాడగా వాడగా నోసోస్ రాలిపోయింది, తోక ఒక్కటే మిగిలి వ్యాధి బరువంతా అదే మోసింది. మనం "ఆయనకి షుగర్ ఉంది" అంటాం, షుగర్ వ్యాధి ఉంది అని ఎవరూ అనరు కదా, ఇదీ అంతే. తర్వాతి కాలపు డాక్టర్లు దాన్ని వాపు, మంట ఉన్న జబ్బులకే కేటాయించుకుని కొత్త పేర్లు కట్టారు. అపెండిసైటిస్ అనే పేరు 1886లో బోస్టన్ డాక్టర్ రెజినాల్డ్ ఫిట్జ్ పెట్టింది, లాటిన్ మాటకి గ్రీకు తోక తగిలించి. ఇదంతా తెలిశాక మా పిల్లకి -ఐటిస్ మళ్లీ బట్టీ పట్టాల్సిన పని రాలేదు.

ఇక -ఎక్టమీ, -ఆటమీ, -ఆస్టమీ. ఈ మూడూ కలగాపులగం చేయని ఫస్టియర్ స్టూడెంటు ఉండదేమో. పలకడానికి దాదాపు ఒకటే, పని మాత్రం పూర్తిగా వేరు. గ్రీకులో టొమే అంటే కోత. ముందు ఎక్ చేరితే కోసి బయటికి తీసేయడం, అందుకే అపెండెక్టమీ, టాన్సిలెక్టమీ. ఎక్ లేకపోతే ఉత్త కోత. మూడోదానికి కోతతో చుట్టరికమే లేదు, స్టోమా అంటే నోరు. కొలాస్టమీ అంటే పెద్దపేగుకి పొట్టమీద కొత్తగా ఒక నోరు పెట్టడం, ట్రేకియాస్టమీ అంటే గొంతు దగ్గర గాలిగొట్టానికి నోరు పెట్టడం. "నోరు" అనే ఒక్క మాట గుర్తుంటే ఆపరేషన్ తర్వాత ఆ రంధ్రం ఉంటుంది, దాన్ని శుభ్రం చేయాలి, చూసుకోవాలి, ఆ పని నర్సుదే అన్నది వెంటనే బుర్రలోకి వస్తుంది. టేబుల్లో "ఓపెనింగ్" అని రాసి ఉంటే ఆ బొమ్మ కనపడదు. అన్నట్టు, సైన్సు పుస్తకంలో చదివిన ఆటమ్‌లో ఉన్నదీ ఆ కోతే, కోయడానికి వీల్లేనిది అని.

నాకు బాగా నచ్చింది -ఆల్జియా. ఆల్గోస్ అంటే నొప్పి. న్యూరాల్జియా అంటే నరాల నొప్పి, మయాల్జియా అంటే కండరాల నొప్పి, ఇవి నర్సింగ్ పుస్తకంలో ఉంటాయి. ఉండనిది నాస్టాల్జియా. పాత పాటలు, చిన్ననాటి ఊరు, పాత సినిమా పోస్టర్లు, వీటికి మనం ఇప్పుడు అలవోకగా వాడే ఈ మాట మొదట ఒక జబ్బు పేరు. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వైద్యం చదివే యోహానెస్ హోఫర్ తన థీసిస్ కోసం కట్టిన మాట, నోస్టోస్ అంటే ఇల్లు చేరడం, దానికి నొప్పి తోక. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు తిండి తినక, నిద్రపోక చిక్కి శల్యమవడాన్ని అతను నిజంగా వ్యాధిగానే రాశాడు. మా పిల్ల వచ్చిన కొత్తలో రెండు నెలలు సరిగ్గా అన్నం తినలేదు. పాలకొల్లు దగ్గర చిన్న ఊరు వాళ్లది, ఎప్పుడూ ఇల్లు వదిలి ఉన్న పిల్ల కాదు. ఇది చదివి వినిపించాను. ఏమీ అనలేదు కానీ ఆ మాటని నోట్సులో న్యూరాల్జియా కింద రాసుకుంది, నేను చూశాను.

మామూలు ఇంగ్లీషు సఫిక్సుల సంగతికి వస్తే, వీటిలో చాలా ముక్కలు ఒకప్పుడు సొంత కాళ్లమీద నిలబడ్డ పూర్తి మాటలు. -డమ్ అంటే తీర్పు, చట్టం. ఈ రోజు చెడ్డ గతి అనే అర్థంలో వాడే డూమ్ అదే మాట. కింగ్‌డమ్ అంటే రాజు మాట చెల్లే మేర అన్నమాట. -షిప్‌కి ఓడతో ఏ సంబంధమూ లేదు, ఆకారం అనే అర్థమున్న షేప్‌కి చుట్టం. -హుడ్‌కి తలకి వేసుకునే ముసుగు హుడ్‌తో సంబంధం లేదు, పాత ఇంగ్లీషులో స్థితి, హోదా అనే అర్థమున్న హాద్ అనే మాట అది. -లీ ఇంకా విచిత్రం, శరీరం, రూపం అనే మాట నుంచి వచ్చింది, ఫ్రెండ్లీ అంటే స్నేహితుడి రూపున్న. -ఏబుల్ దగ్గర మాత్రం నేనూ పొరపాటు పడ్డాను. చేయగల సమర్థత అనే ఏబుల్ మాటే తోక అయిందనుకున్నాను ఇన్నాళ్లూ. కాదట, లాటిన్‌లో -అబిలిస్ అనే విడి తోక అది, ఏబుల్ ఇంకో దారిన వచ్చింది.

తెలుగు చదువుకున్నవాళ్లకి ఈ సైట్‌లో ఇంకో ఆనందం ఉంది. చాలా ఎంట్రీల్లో సంస్కృతం చుట్టాలను కూడా చూపిస్తారు, సంస్కృతం మనకి ఎటూ తెలిసిన మాటలే కాబట్టి పని సులువవుతుంది. పేపర్లో రోజూ చదువుతాం, గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత అని. ఆ -ఇష్ఠ, ఇంగ్లీషులో బిగ్గెస్ట్, స్మాలెస్ట్‌లో ఉన్న -ఎస్ట్, రెండూ ఒక తల్లి బిడ్డలు. స్వీట్ అనే మాటకి సంస్కృతంలో చుట్టం స్వాదు. అంటే స్వీటెస్ట్ అన్నా స్వాదిష్ఠం అన్నా మొదలూ తోకా రెండూ కలిసిపోతున్నాయి! ఇది మా పిల్లకి చెబితే నమ్మలేదు, తనే వెతికి చూసుకుంది. డాక్టర్, యాక్టర్, ఇన్‌స్పెక్టర్‌లలో చివరి -టర్ లాటిన్ -టోర్, పని చేసేవాడు అని. మన దాత, నేత, కర్త, వక్త అన్నీ సంస్కృతంలో అదే తోకతో పుట్టినవి. దాతని లాటిన్‌లో డాటోర్ అంటారు. డాక్టర్ అంటే ముక్క ముక్కగా చూస్తే బోధించేవాడు, మందులిచ్చేవాడని కాదు.

జమీందారు, పట్టాదారు, కౌలుదారు, వాటాదారు, వీటి చివరి -దారు పారశీకం నుంచి వచ్చింది, ఉన్నవాడు, పట్టుకున్నవాడు అని. అదీ గిరిధరుడు అన్నప్పటి ధర, ధరించడంలోని ధర, ఇవి కూడా ఒక మూలానివే. ఇలా ఇంగ్లీషు సఫిక్సు కోసం వెళ్లి మన పొలం పాసుపుస్తకం దాకా తిరిగొచ్చిన రాత్రులు చాలా ఉన్నాయి మా ఇంట్లో.

తప్పుగా విరగ్గొట్టిన మాటల కథలు పిల్లలకి బాగా నచ్చుతాయి. హెలికాప్టర్‌ని అందరూ హెలి, కాప్టర్ అని విరుస్తారు, అసలు విరుపు హెలికో, ప్టెర్ దగ్గర, మెలి తిరిగిన రెక్క అని. తప్పు విరుపులోంచే క్వాడ్‌కాప్టర్ పుట్టింది. హాంబర్గర్ జర్మనీలోని హాంబర్గ్ ఊరి పేరు, అందులో హామ్ అనే పంది మాంసం ఏమీ లేదు, కానీ జనం హామ్ అని ఒక ముక్క, బర్గర్ అని ఒక ముక్క చేసేశారు, ఇప్పుడు వెజ్ బర్గర్ కూడా తింటున్నాం.

అన్నిటికంటే బస్సు. దీని గురించి ఎంత మందికి చెప్పానో లెక్కలేదు. లాటిన్‌లో ఓమ్నిబుస్ అంటే "అందరి కొరకు". ఓమ్నిస్ అంటే అందరూ, చివర -ఇబుస్ అనేది కొరకు అని చెప్పే బహువచన ప్రత్యయం. లండన్‌లో 1829లో జార్జ్ షిల్లిబియర్ గుర్రాలు లాగే ఓమ్నిబస్ నడిపాడు, తర్వాత జనం మాటని కురచ చేసి తోక ఒక్కటీ ఉంచుకున్నారు. చిన్నప్పుడు "కొఱకున్, కై, చతుర్థీ విభక్తి" అని వల్లె వేశాం కదా, రోజూ మనం ఎక్కి తిరిగే బస్సు పేరు అచ్చంగా ఆ "కొఱకున్". అందరూ పోయి కొరకు మిగిలింది. ఇది తెలిసినప్పటినుంచి విజయవాడ బస్టాండ్‌లోకి అడుగుపెట్టినప్పుడల్లా ఆ విభక్తే గుర్తొస్తోంది.

సరే, ఇబ్బందులు కూడా చెప్పాలి. వివరణ ఇంగ్లీషులో, అదీ దట్టంగా ఉంటుంది. చాలా ఎంట్రీల్లో ఒక్క పేరాలోనే నాలుగు భాషలు, సంక్షిప్తాలు, బ్రాకెట్లు. తెలుగు మీడియం పిల్లని ఒక్కదాన్నే కూర్చోబెడితే మొదటి రోజే మూసేస్తుంది, మొదటి పది పన్నెండు రోజులు పక్కన పెద్దవాళ్లు ఉండాలి. 14 పక్కన సీ అక్షరం ఉంటే 14వ శతాబ్దం అని, పీ ఐ ఈ అని ఉంటే ప్రోటో ఇండో యూరోపియన్ అని, అంటే సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లీషులకి మూలమని పండితులు ఊహించి కట్టిన భాష అని, ఇవి ముందే చెప్పి పెట్టాలి. మా పిల్ల 14సీ ని ఉష్ణోగ్రత అనుకుంది.

తేదీల దగ్గర జాగ్రత్త. ఎంట్రీ మొదట్లో ఇచ్చే సంవత్సరం ఆ మాట పుట్టిన సంవత్సరం కాదు, రాతలో మనకి దొరికిన తొలి ఆధారం. నోట్లో అంతకుముందు ఎన్నాళ్లు తిరిగిందో ఎవరికి తెలుసు. ఈ సంగతి సైట్ వాళ్లే చెబుతారు, కానీ అది చదవకుండా "ఈ మాట ఫలానా ఏడాది పుట్టింది" అని స్టేటస్ పెట్టేవాళ్లని చూశాను.

ఇది అర్థాలు చూసుకునే డిక్షనరీ కూడా కాదు. మాటని వాక్యంలో ఎలా వాడాలో, ఎలా పలకాలో నేర్చుకోవడానికి వేరేది పెట్టుకోవాలి. పరీక్షకి టేబుల్ కావాలంటే టేబుల్ కూడా ఉండదు, మేం గైడు పారేయలేదు, గైడులో ఉన్నది ఇక్కడ సరిచూసుకుంటూ పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాం. అలా దిద్దిన గైడు ఇప్పుడు తన క్లాసులో చేతులు మారుతోంది.

మందుల పేర్ల చివర ముక్కల కోసం మాత్రం ఇక్కడికి రావద్దు. మా ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే టెల్మిసార్టన్, అటెనోలాల్, అటోర్వాస్టాటిన్ ఉంటాయి. -సార్టన్, -ఓలాల్, -స్టాటిన్, ఇవి గ్రీకు నుంచో లాటిన్ నుంచో జారుతూ వచ్చినవి కావు, ఒక తరగతి మందులన్నీ ఒకేలా ముగియాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం పెట్టుకున్నవి. బీపీకి వాడే -ఓలాల్ ఏది, -ప్రిల్ ఏది అన్నది ఫార్మకాలజీ పుస్తకంలోనే నేర్చుకోవాలి, ఆ విషయంలో అంచనాలు వేయకూడదు కూడా.

నాకు ఎక్కువ గౌరవం కలిగించింది ఈ పనంతా మొదలుపెట్టినది ఒక్క మనిషి అని తెలిసినప్పుడు. డగ్లస్ హార్పర్, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంకాస్టర్ ఆయనది. 2000ల తొలి ఏళ్ల నుంచి పెద్ద పెద్ద నిఘంటువులన్నీ ముందు పెట్టుకుని ఏరి, కూర్చి, ఎక్కణ్ణుంచి తీసుకున్నారో కూడా చెబుతూ కట్టుకొచ్చారు. మూలం తేలని మాటల దగ్గర తేలలేదనే రాస్తారు, కథ అల్లరు. వాట్సాప్‌లో వచ్చే "ఈ ఇంగ్లీషు మాట మన సంస్కృతంలోంచే పుట్టింది" తరహా మెసేజులు వచ్చినప్పుడు మా ఇంట్లో ఇప్పుడు ముందు ఇక్కడ చూసే నమ్ముతున్నాం. చుట్టరికం వేరు, ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టడం వేరు అన్నది మా పిల్లకి గరిష్ఠ, బిగ్గెస్ట్ దగ్గరే అర్థమైంది.

డబ్బు కట్టక్కర్లేదు, మాట వెతకడానికి లాగిన్ అడగదు. యాడ్స్ కనిపిస్తాయి. ఫోన్ యాప్ ఉంది, మేం బ్రౌజర్లోనే చూస్తాం. నేనిచ్చే రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది తెలుగులో చదువుకునే వీలు లేనందుకు. నర్సింగ్, ఫార్మసీ, ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలు ఇంట్లో ఉన్నవాళ్లు రోజుకి ఒక సఫిక్సు చొప్పున చూడండి, అంతకంటే ఎక్కువ వద్దు, లింకు మీద లింకు నొక్కుతూ అర్ధరాత్రి దాటిపోతుంది. మొదటి రోజు -ఆస్టమీతో మొదలుపెట్టండి. గీత మర్చిపోవద్దు.